దుర్భిణి పట్టినవాడి మాట

ఆ ఉదయం భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బల మీంచి తుపాకీ కాల్చింది నా స్నేహితుడే. తూటా తగిలి చచ్చిపోయినవాడు గంజాయి ముఠా మనిషి కాడు, చేపలు పట్టుకుని బతికేవాడు. ఈ రెండూ అందరికీ తెలిసిన సంగతులే. అందుకే నా స్నేహితుడికి ఒక పేరు స్థిరపడిపోయింది, తొందరపడి మనిషిని చంపినవాడని. అతను తొందరపడలేదు. అడిగాడు. అడిగితే నేను జవాబు చెప్పాను. ఆ జవాబు సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేమిద్దరం మిలట్రీలో ఒక జత. స్నైపర్ అంటే చెట్టెక్కి ఒంటరిగా కూచునే మనిషని సినిమాలు చూసినవాళ్ళు అనుకుంటారు. ఆ పని అలా ఉండదు. తుపాకీ మీది టెలిస్కోపులోంచి చూసేవాడికి ఎంతో దూరాన ఉన్న మనిషి చొక్కా బొత్తాం కనిపిస్తుంది కానీ, ఆ పక్కనేముందో కనిపించదు. పక్కనున్న లోకమంతా దుర్భిణి పట్టినవాడి బాధ్యత. గాలి ఎటు వీస్తోంది, ఆ మనిషి ఎవరు, చేతిలో ఏముంది, అన్నీ రెండోవాడు చెప్పాలి. ఆ రెండోవాణ్ణి నేను.

మాకొక నియమం ఉండేది. నేను మాట ఇచ్చాక అతను ఒకే ఒక్కసారి అడగొచ్చు, "చూశావా?" అని. చూశానని నేనంటే ఇక రెండో ప్రశ్న లేదు. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. బంగ్లా యుద్ధంలో మా పక్క గుంటలో ఉన్న జత, రెండోసారి అడిగి చెప్పుకునేలోపు అవతలి తూటా వచ్చి ఒకడి దవడ ఎగిరిపోయింది. అతను సాయంత్రం దాకా బతికే ఉన్నాడు. కళ్ళతో నీళ్ళు అడిగేవాడు. పోస్తే మెడ మీద నుంచి కారిపోయేవి. ఆ రోజు నుంచి మాకు ఒక్క ప్రశ్నే.

అతనిది కృష్ణా జిల్లా, కాలవ కింద వరి పండే ఊరు. మాది ఆనందపురం అవతల, చోళ్ళు, అంటే రాగులు, పండే మెట్ట. మొదటిరోజు మా ఊరి అలవాటు కొద్దీ "ఏటి బావా, ఎప్పుడొచ్చినావు?" అన్నాను. అతను నన్ను కిందా మీదా చూశాడు.

"మా చెల్లెల్ని నీకెప్పుడిచ్చాం?"

"ఇయ్యకపోయినా మా వైపు అందరూ బావలే."

"అందరూ బావలైతే మీ ఊళ్ళో అన్నదమ్ములెవర్రా?"

"భూమి కాడ కొట్టుకున్నప్పుడు అన్నదమ్ములం."

అతను పడీ పడీ నవ్వాడు. అప్పట్నుంచి నన్ను బావమరిదీ అనేవాడు. తరవాత పుట్టిన అతని కూతురు నన్ను మావయ్యా అని పిలవడానికి అదే కారణం.

మిలట్రీ నౌకరీ ముగించి మేం విశాఖపట్నం చేరేసరికి ఊరంతా తవ్వకాలే. ఒక వైపు స్టీల్ ప్లాంటు కోసం నేల చదును చేస్తున్నారు. ఇంకో వైపు ఔటర్ హార్బరు బయట ఓడలు లంగరేసి ఉండేవి. ఆ మట్టి లారీల సందడిలో ఇంకో సరుకు నడిచేది. ఏజెన్సీ కొండల్లోంచి గంజాయి, బొగ్గుల బస్తాల కింద ఆనందపురం దిగేది. ఆటోనగర్ షెడ్లలో లారీల అడుగున దొంగ అరలు కట్టేవారు. కొంత రోడ్డున పోయేది, కొంత పడవల మీద ఓడలకు చేరేది. నడిపించేవాడు ఒక మట్టి కాంట్రాక్టరు. పెళ్ళికి పిలిస్తే వచ్చి అక్షింతలు వేసి, భోజనం బాగుందని చెప్పి వెళ్ళే మనిషి.

ఆనందపురం కూడలిలో తనిఖీకి ఆపమన్న ఇద్దరు కానిస్టేబుళ్ళ మీద నుంచి అతని లారీ వెళ్ళిపోయింది. వెళ్ళి ఆగింది. వెనక్కి వచ్చి, మళ్ళీ వాళ్ళ మీద నుంచే వెళ్ళింది. బడ్డీల వాళ్ళు పారలతో ఎత్తాల్సి వచ్చింది. దాని తరవాతే మిలట్రీలో గురి చూసే పని చేసి వచ్చినవాళ్ళను ఏరి పోలీసులు ఒక స్పెషల్ పార్టీ కట్టారు. మమ్మల్ని జతగానే తీసుకున్నారు.

మా జీపు డ్రైవరు మా పక్క ఊరివాడు. ఘాట్ రోడ్డులో జీపు ఎగిరెగిరి పడుతుంటే నా స్నేహితుడు తిట్టేవాడు.

"ఒరేయ్, మెల్లిగా తోలు. తూటా దాకా పోకుండానే నీ చేతిలో చచ్చేట్టున్నాం."

"నాను తోల్తన్నాను కద బావా. తూటా కూడా మనల్ని అందుకోనేదు."

"నీక్కూడా బావేనా?"

"మీరు మా ఊరల్లుడు అనీసుకున్నాం మేవు. రెండో పెళ్ళికి పిల్లనే ఇంకా ఎతకనేదు."

మొదటి దెబ్బ మేమే కొట్టాం. ఘాట్ మలుపులో మా పార్టీ వాళ్ళు ఒక కల్వర్టు వెనక ఇరుక్కున్నారు. ముఠా వాళ్ళు రెండు జీపులు అడ్డం పెట్టి పైనుంచి కాలుస్తున్నారు. మా వాడొకడు పొట్ట పట్టుకుని రోడ్డు మీద పాకుతున్నాడు, అతని వెనక తడి చార. మేం ఎదురు గుట్ట మీదున్నాం.

"ముందు జీపు. స్టీరింగు కాడ కూకున్నోడు. ఒళ్ళో తుపాకీ."

"చూశావా?"

"సూసినాను."

కాల్చాడు. ఆ మనిషి తల అద్దానికి కొట్టుకుంది. బ్రేకు మీద కాలు వదిలేశాడు కాబోలు, జీపు మెల్లిగా, ఎవరో నెడుతున్నట్టు వెనక్కి దొర్లి లోయలోకి పోయింది. లోపలున్నవాళ్ళ కేకలు చాలాసేపు కిందనుంచి వినిపించాయి. తరవాత పొగ వచ్చింది, గంజాయి కాలిన తియ్యటి వాసన. మా వాళ్ళు కేరింతలు కొట్టారు. నా స్నేహితుడు తుపాకీ దించి, "లోపల ఎంతమంది ఉన్నారో నాకు కనబళ్ళేదు బావమరిదీ" అన్నాడు. నాకు కనబడ్డారు. చెప్పలేదు.

దానికి వాళ్ళు బదులు తీర్చుకున్నారు. జీపు కమాను పట్టీ విరిగితే మా డ్రైవరు ఆటోనగర్ తీసుకెళ్ళాడు. మధ్యాహ్నానికి రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళాం. లారీ బాడీలు కట్టే ఒక షెడ్డులో దొరికాడు. ఇనుము కోసే గ్యాస్ మంటతో చేశారు. చుట్టూ షెడ్లలో రేకుల మీద సుత్తి మోతలు అప్పుడూ ఆగలేదు. ఆ మోతలో అతని అరుపు పక్క షెడ్డుకైనా వినబడి ఉండదు. చేతులు మాత్రం స్టీరింగు పట్టుకున్నట్టే వంగి బిగుసుకుపోయాయి. చేతి కడియం చూసి గుర్తుపట్టాను. నా స్నేహితుడు చొక్కా విప్పి అతని ముఖం మీద కప్పాడు. నేను బయటికెళ్ళాను. లోపలికి వచ్చేసరికి నేను వేరే మనిషిని.

ఆ వారంలో ముఠా మనిషి ఒకడు దొరికాడు. మా పార్టీ వాళ్ళు వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి అరికాళ్ళ మీద కొట్టారు. ఒక వంతు నేనూ తీసుకున్నాను. డ్రైవరు కడియం తలుచుకుంటూ కొట్టాను. నా స్నేహితుడు గది బయటే నిలబడ్డాడు.

"కొడితే చెప్పేది మనం వినాలనుకున్నదే చెబుతాడురా, వద్దు" అన్నాడు.

"నీకు బాద నేదు బావా. సచ్చినోడు మా వైపోడు."

దొరికినవాడు చివరికి చెప్పాడు. సరుకు పడవ దిబ్బల దగ్గరికి వస్తుందని, ఒడ్డు మీదినుంచి ఎర్రగుడ్డ ఊపేవాడే దాన్ని పిలుస్తాడని, కానిస్టేబుళ్ళ మీద లారీ తోలింది కూడా వాడేనని. చేతిలో తుపాకీ ఉంటే తప్ప కాల్చొద్దని మాకు ఆజ్ఞ.

తెల్లవారాక దిబ్బ మీద సరుగుడు చెట్ల మధ్య పడుకున్నాం. ఎదురుగా తూర్పు సముద్రం. సూర్యుడు నీళ్ళలోంచి లేచి సూటిగా మా కళ్ళలోకి కొడుతున్నాడు. దుర్భిణిలో మనుషులు నల్లటి బొమ్మల్లా ఉన్నారు. మా ముందున్న చిన్న దిబ్బ మీదికి ఒక మనిషి ఎక్కాడు. నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. తరవాత మొలకు చుట్టిన తువ్వాలు విప్పి ఊపాడు. ఎర్రది. దూరంగా ఉన్న పడవ అతను ఊపిన వైపు తిరిగింది. అతను చెయ్యి గుండ్రంగా తిప్పాడు. పడవ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అందులోవాళ్ళు ఏదో నీళ్ళలోకి దించుతున్నారు.

మా పొలాల్లో గుడ్డ ఊపితే పిట్టల్ని తోలడానికో, అన్నానికి పిలవడానికో. మిలట్రీలో ఊపితే సంకేతం. సముద్రం మా ఊరికి బండి ప్రయాణం దూరంలోనే ఉన్నా మేం దాని వైపు చూసేవాళ్ళం కాదు. చేపలు సైకిలు మీద మా వీధికే వచ్చేవి. చేపల గుంపు నడిచేచోట నీటి రంగు మారుతుందని, ఎత్తు మీదినుంచి ఒకడు అది కనిపెట్టి గుడ్డ ఊపితేనే పడవ వాళ్ళు పెద్దవల చుట్టూ దించుతారని నాకు తెలీదు. కాలవ ఊరివాడికి అసలే తెలీదు.

ఆ మనిషి వీపు మీద, భుజానికి అడ్డంగా పొడుగ్గా ఏదో ఉంది.

"తుపాకీ ఉంది" అన్నాను.

అతను టెలిస్కోపులో కన్ను పెట్టే అడిగాడు. "ఎండ కొడుతోంది. నాకు వీపు మధ్య తప్ప ఏం ఆనడం లేదు. చూశావా?"

ఒక్క గీత చూశాను. నల్లటి గీత. అది తుపాకీ కన్నా పొడుగని, కొద్దిగా వంపు తిరిగి ఉందని నా కన్ను చెబుతూనే ఉంది. ఇంకాస్త ఆగితే ఆ మనిషి పక్కకు తిరిగేవాడు. నా కళ్ళ ముందు ఆ షెడ్డులో వంగిన చేతులే ఉన్నాయి.

"సూసినాను బావా."

కాల్చాడు. ఆ మనిషి కూచుండిపోయాడు, అలసిపోయినట్టు. తువ్వాలు కాసేపు గాలికి ఆడి అతని మీదే పడింది. విచిత్రం ఏమిటంటే పడవ ఆగలేదు. అతని ఆఖరి సంజ్ఞ ప్రకారం వల దించుతూ తిరుగుతూనే ఉంది.

కిందికి పరిగెత్తి ముందు నేనే చేరాను. రొమ్ములోంచి నురగతో నెత్తురు వస్తోంది. నా మోచెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు, నోట్లోంచి కూడా అదే వచ్చింది. పక్కన పడి ఉన్నది కావిడి బద్ద. రెండు చివర్లా చేపల బుట్టలు తగిలించుకు మోసే వెదురు బద్ద. చిన్నప్పుడు కళ్ళం నుంచి ఇంటికి నేను అలాంటిదే మోసేవాణ్ణి. నా కుడి భుజం మీద ఆ కాయ ఇప్పటికీ ఉంది.

జాలరిపేట వాళ్ళు తెడ్లు పట్టుకుని వచ్చారు. నేను వైర్‌లెస్ కోసమని జీపు దగ్గరికి పరిగెత్తాను. వైర్‌లెస్ కోసం కాదు. నా స్నేహితుడు తుపాకీ ఇసకలో పెట్టి, చేతులు చాపి వాళ్ళకు ఎదురు నడిచాడు. తెడ్డు దెబ్బకు ఎడమ చెయ్యి రెండుగా విరిగింది. పడిపోయాక కూడా కొట్టారు. ఆపమని అతను ఒక్క మాట అనలేదు. అసలు సరుకు పడవ ఆ ఉదయమే ఇంకో ఒడ్డున హాయిగా పని చూసుకుపోయిందని తరవాత తెలిసింది.

విచారణలో అతను చెప్పింది చిన్న ముక్క. "నేనే చూశాను, నేనే కాల్చాను." ఆఫీసరు నావైపు తిరిగాడు. "నువ్వేం చెప్పావు అతనికి?"

"గాలి ఎటుందో చెప్పాను సార్."

అదీ చెప్పాను మరి. బయటికొచ్చాక నా స్నేహితుడు, "నీకు రెండోది పుట్టబోతోంది కదా, పోనీలే" అన్నాడు. అతనికీ పసిపిల్ల ఉంది. ఆ మాట ఇద్దరం అనుకోలేదు.

అతనికి ఉద్యోగం పోయింది, కేసు నడిచింది, కొంతకాలం జైల్లో ఉన్నాడు. తరవాత ఒక లేత్ షాపులో వాచ్‌మన్‌గా చేరాడు. నాకు స్టీల్ ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగం వచ్చింది, క్వార్టరు వచ్చింది. కాంట్రాక్టరును పట్టుకున్నది మేం కాదు. వాటాల దగ్గర తేడా వచ్చి సొంత మనుషులే గడ్డపారలతో పొడిచి, అతను తవ్వించిన గోతిలోనే పడేశారు.

మేం కలుసుకోవడం తగ్గింది. కలిసినా అతను ఎప్పుడూ దెప్పలేదు. ఆ ఎడమ చెయ్యి మాత్రం తిన్నగా అతకలేదు. టీ గ్లాసు అందుకుంటుంటే వణికేది.

మొన్నీమధ్యే అతను పోయాడు. గోపాలపట్నంలో అద్దె ఇంటి ముందు షామియానా వేసి పెద్దకర్మ చేశారు. బంతిలో నా పక్కన కూచున్న పాత కానిస్టేబులు అన్నం కలుపుకుంటూ పెద్దగానే అన్నాడు: "మంచోడే గానీ సెయ్యి ఆగనేదు. పాపం, ఆ జాలరోణ్ణి ఊరికినే సంపీసినాడు." వడ్డిస్తున్న కూతురు వింది. గరిటె ఆగింది. ఆమె నావైపు చూసింది, అక్కడున్నవాళ్ళలో ఆ దిబ్బ మీద ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి. నేను పప్పు వెయ్యమన్నాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఆ పేటకు వెళ్ళాను. ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. చనిపోయినవాడి భార్య ఇప్పుడు పెద్దావిడ, తాడు చుట్టలు వేస్తోంది. నా స్నేహితుడు పోయాడని చెప్పాను.

"కబురొచ్చింది" అంది. "కిష్టా జిల్లా ఆయన ఇంక రాడు."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది.

"జైల్లోంచొచ్చినాక ఒకనాడొచ్చినాడు. మావోళ్ళు మళ్ళీ కొట్టినారు. మళ్ళీ వొచ్చినాడు. దూరంగా కూకునీవోడు. ఓ దినం వల బరువై లాగనేకపోతంటే వొచ్చి తాడట్టుకున్నాడు, ఆ సొట్ట సెయ్యితోనే. తాడట్టినోడికి సేపల్లో వాటా ఇయ్యాల, అది మా వాడుక. ఇత్తే తీసుకోనేదు, నా గుమ్మంలో ఎట్టీసి పోనాడు. ముందర కాలితో తన్నీసినాను. కుక్కలు తిన్నాయి. తరవాత పిల్లలకి ఆకలేసింది."

"ఆ రోజు సంగతి ఎప్పుడైనా సెప్పినాడా?"

"ఎవలు సూసినారని అడిగినాం. నేనేనమ్మా, ఇంకెవరూ లేరు అన్నాడు."

"నానున్నాను" అన్నాను. "దుర్భిణి నాది. తుపాకీ ఉందని సెప్పింది నాను."

ఆవిడ చేతిలో తాడు ఆగింది.

"ఆడు నిన్నడగనేదా?"

"అడిగినాడు. సూసినాను అన్నాను."

"కావిడి బద్దని తుపాకీ అనీసినావా? నువ్వేటి, పట్నపోడివా? ఎప్పుడూ కావిడెత్తనేదా?"

"ఎత్తినాను."

ఆవిడ నా భుజం వైపు చూసింది. ఎర్రగుడ్డ సంగతి కూడా చెప్పాను. "ఎర్రగుడ్డ నేని పేట ఉంటదేటి ఈ ఒడ్డున?" అంది, నాతో కాదు, ఇసకతో అన్నట్టు. అలల్లో వల బిగుసుకుంది. లాగేవాళ్ళు కేకలేశారు. నేను ఏం చెయ్యాలో తెలీక తాడు మీద చెయ్యి వేశాను.

"నువ్వట్టుకోకు" అంది.

చెయ్యి తీసేశాను. వల ఒడ్డుకొచ్చేదాకా నిలబడ్డాను. పంపకాలయ్యాక ఆవిడ తాటాకు బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది ఆడి వాటా. ఆడి కూతురు ఆ గుంటకియ్యి. ఊరికినే ఇచ్చీకు. సెప్పి ఇయ్యి."

బస్సులో బుట్ట నీళ్ళు కారుతుంటే కండక్టరు తిట్టాడు. గోపాలపట్నంలో ఆ గుమ్మం ముందు నిలబడే మొత్తం చెప్పాను. కూతురు బుట్ట అందుకోకుండా చివరిదాకా వింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను.

"నిన్న ఆ బంతిలో చెప్పి ఉండాల్సింది మావయ్యా" అంది. "నాకొక్కదానికి చెబితే ఏం లాభం? నేను కూతుర్ని, నేను చెబితే ఎవరు నమ్ముతారు? మీరు రాయండి. మా నాన్న పేరొద్దు, మీ పేరూ వద్దు. తెలియాల్సినవాళ్ళకి తెలిసిపోతుంది."

బుట్ట తీసుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి పెరట్లో చేపలు తోముతున్న చప్పుడు వినిపించింది. కూచోమనలేదు, వెళ్ళమనలేదు. గుమ్మం బయటే కాసేపు ఉండి వచ్చేశాను.

ఆమె చెప్పినట్టే రాశాను. అతను అడిగాడు. చూశానన్నాను. నేను చూడలేదు.